రిజైనుకూ రీసైనుకూ నడుమ

"అవ్వా, చిన్న గీత ఒగటి పెట్టలేదని మా మేనేజరు నా మెయిలు వెనక్కి తిప్పినాడు. 'ఫైలు మళ్ళీ పంపినాను' అని ఇంగ్లీషులో రాసినా. 'రీ-సెంట్' అనే మాట నడుమ గీత లేకపోయేసరికి అది 'రిజెంట్' అయి, 'ఆ ఫైలంటేనే నాకు ఒళ్ళు మంట' అని అర్థమొచ్చిందంట. గీతకు ఇంత రచ్చా?"

గీతకా? కూర్చో కెజియా, ఆ కంప్యూటరు పక్కన పెట్టి ఇట్ల వచ్చి కూర్చో. ఏంది, ఫోన్లో రికార్డు సేస్తాండావా? సేసుకో, నాకేం. నేను కొత్తగా సెప్పేదేమీ లేదు, మీ అమ్మకు తెలిసిందే. మీ అమ్మ ఇట్లాంటివి సెప్పదు గాబట్టి నేను సెప్తాండా. ఆ గీత వల్ల నా ఉద్యోగం పాయ. పాయ అంటే, పోయి నిలబడె. గీత వల్ల గూడా కాదు, గీత లేకపోవడం వల్ల. అది ఉండుంటే ఏ గొడవా లేదు, ఈ ముచ్చటే లేదు.

అప్పుడు మనం ఈ మదనపల్లెలో లేము. పుంగనూరు నుంచి పలమనేరు పోయే దావలో ఒగ మిషన్ ఆస్పత్రి ఉండె, దాని క్వార్టర్సులో ఉంటిమి. పేరెందుకులే, ఇప్పుడు మూసేసినారు. చిన్నదే, కాన్పులు, జ్వరాలు, పాము కరిసినోళ్లు, అంతే. ఆడ నేను నర్సును. మీ తాత ఈడ మదనపల్లె టమేటా మండీలో లెక్కలు రాసేటోడు, తెల్లారేసరికి బస్సెక్కి వచ్చేటోడు. ఆయన బట్టలన్నీ టమేటా వాసనే. ఉతికినా పోదు, నేను ఆస్పత్రి డెట్టాలు గూడా పోసి సూసినా.

నేను ఆడ చేరినాక శానా ఏండ్లు టెంపరరీనే. టెంపరరీ అంటే నీకు తెలీదులే, మీకందరికీ అదే ఉద్యోగం గదా ఇప్పుడు. మాకట్ల కాదు. పర్మనెంటు అంటే క్వార్టర్సు మనది, మిషను ఇస్కూల్లో మీ అమ్మకు ఫీజు లేదు, జబ్బు సేస్తే ఆస్పత్రి సూసుకుంటాది. మా అమ్మా నాయనా కలకడ పక్కన వాళ్లవీళ్ల చేన్లలో కూలికి పోయేటోళ్లు. మా వంశంలో ఒకటో తేదీ జీతం తీసుకున్న మొదటి మనిషి నేనే. మా నాయన అది సూడకుండానే పాయ. మా అమ్మ సూసింది. ఆ అమ్మ అప్పుడు నాతోనే ఉండె, మీ అమ్మ చిన్నబిడ్డ, సూసుకునేదానికని పిలిపించుకున్నా.

ఏం సెప్తాండా? ఆ, చిన్నప్ప. అసలు చిన్నప్ప గురించి సెప్పకుండా ఏం సెప్పినా నీకర్థం కాదు.

చిన్నప్పది కుప్పం. నాలుక మీద మూడు బాసలు, ఏది మాట్లాడతాండాడో ఆయప్పకే తెలీదు. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలోకి పోయి, లెక్క సెప్పేటప్పుడు అరవంలో సెప్పేటోడు. మంచి టైపిస్టు. కుప్పంలో టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్చుకున్నాడంట, కళ్ళు మూసుకోని గూడా కొట్టేటోడు. మా ఆస్పత్రి ఆఫీసులో జాబులన్నీ ఆయప్పే కొట్టల్ల. సర్టిఫికెట్లు, సర్క్యులర్లు, డాక్టరమ్మ రాసిచ్చేవన్నీ. పెద్ద డాక్టరమ్మ అంటాంటిమి ఆమెను, ఆస్పత్రికంతా పెద్ద ఆమే. కోస్తా మనిషి. మాట తక్కువ, సూపు ఎక్కువ. ఇంగ్లీషు మాత్రం సన్నగా, గుండ్రంగా, ముత్యాల మాదిరి చేత్తో రాసి, ఆ కాగితం చిన్నప్పకు పంపించేది. వాడు కొట్టి తెస్తే, పేషెంటుకూ పేషెంటుకూ నడుమ సంతకం పెట్టి పడేసేది. సదివేది కాదు. చిన్నప్ప తప్పు కొట్టడని నమ్మకం.

నిజంగానే కొట్టడు. అదే గదా తమాషా.

టైపు మిషను నువ్వు సూసుండవు. దాంట్లో కొట్టుకుంటా పోతాంటే లైను అయిపోవస్తాండాదని గంట కొడతాది, టింగుమని. మాట సగంలో ఉంటే ఏం సేస్తావు? ఆడ చిన్న గీత పెట్టి, మిగిలిన సగం కింది లైన్లో కొట్టల్ల. ఆ గీత ఏమంటాదంటే, అయిపోలేదు, కింద ఇంకా ఉండాది, సూడు అంటాది. చిన్నప్పకు గీత అంటే అదే. ఇన్‌స్టిట్యూటులో మాస్టరు అట్లనే నేర్పించినాడు.

ఆ గీత పెట్టకపోతే ఏమైతాదో మా పుంగనూరోళ్లకు బాగా తెలుసు. ఆ పక్క ఒగ పల్లెలో సంగం వాళ్లు కొత్తగా చర్చి కట్టినారు. దావకు అడ్డంగా గుడ్డ కట్టల్లని పెయింటరుకు ఇచ్చినారు. 'దేవుని మందిరము ప్రారంభోత్సవము, అందరూ రండి' అని రాయమన్నారు. ఆయప్ప అక్షరాలు లావుగా రాసుకుంటా వచ్చినాడు, గుడ్డ సాలలే. మొదటి లైన్లో 'దేవుని మంది' వరకూ వచ్చె. మిగిలింది కింద రాసినాడు, గీత గీయలే. దావన పోయేటోళ్లకు కింది లైను పెద్దగా కనబడతాండాది, 'రము ప్రారంభోత్సవము, అందరూ రండి' అని. మందు తాగేటోళ్లకు రము అయినా రమ్మయినా ఒగటే గదా. ఆదివారం పొద్దున్నే ఆ చర్చికి ఎప్పుడూ రానంత జనం వచ్చినారంట. పాస్టరయ్య సంతోషపడి గంటన్నర వాక్యం సెప్పినాడు. వాళ్లు గూడా గమ్మున కూర్చోని విన్నారంట పాపం, కడాకు ఏమన్నా ఇస్తారేమో అని. టీ ఇచ్చినారు.

నగుతాండావు. నగు, నగు. నా కత గూడా ఇప్పుడు నగేదే. అప్పుడు కాదు.

అట్లుండగా ఆస్పత్రికి కంప్యూటరు వచ్చె. ఎవురో దానం ఇచ్చినారు. దానికి వేరే గది, ఏసీ, చెప్పులు బయట ఇడిసి పోవల్ల. చిన్నప్ప ఆ గదిలో పాస్టరయ్య పీఠం మీద నిలబడినట్టే కూర్చునేటోడు. దాంట్లో ఏందంటే, లైను అదే మడుచుకుంటాది గదా. గంట లేదు, మాట తెగేది లేదు. అప్పుడు చిన్నప్ప ఏమనుకున్నాడంటే, ఇంక గీతతో పనేముంది, గీత పాత మిషను రోగం, అనుకున్నాడు. డాక్టరమ్మ చేతిరాతలో యాడ గీత కనబడినా, పాపం, ఆమెకు పాత అలవాటు పోలేదని తీసేసేటోడు. తీసేసి నాతో సెప్పేటోడు గూడా, "సిస్టర్, మా కంప్యూటర్లో కొట్టిన జాబు సూడు, ఎంత క్లీనుగా ఉండాదో." నాకూ క్లీనుగానే కనబడె. నాకేం తెలుసు, నేను చేసేది కట్లు కట్టే పని.

మొదట కుర్చీలతో వచ్చె తంటా.

ఓపీ బయట హాల్లో కుర్చీలకు రెగ్జిను సినిగి, లోపల ఉండే కొబ్బరి పీసు బయటికి వచ్చేసింది. పిల్లోళ్లు ఊరికే కూర్చోరు గదా, ఆ పీసు పీకి ఒగరి నెత్తిన ఒగరు ఏసుకునేటోళ్లు. డాక్టరమ్మ ఊరికి పోతా పోతా రాసిచ్చింది, హాల్లో కుర్చీలన్నిటికీ ఈ వారంలో రీ, గీత, కవర్ సేయించవలెను అని. అంటే మళ్ళా కొత్త కవరు ఏయించమని. చిన్నప్ప గీత తీసేసినాడు. ఏమైంది? రికవర్. కుర్చీలన్నీ రికవర్ సేయవలెను.

మన పక్క రికవరీ అంటే తెలుసు గదా. బ్యాంకోళ్లు జీపులో వచ్చి ఇంటి తలుపులు పీక్కోని పోయేది. మా అటెండరు ఎలీషా ఆ సర్క్యులరు సదివించుకోని, తాడు తీసుకోని, ఆక్సిజను సిలిండర్లు తోసే బండి తీసుకోని బయల్దేరినాడు. ఒగ మాట సెప్పల్ల, హాల్లో కుర్చీలు ఎవురింట్లో లేవు అప్పుడు? ఫార్మసీ ఆయనింట్లో రెండు, టీ అంగడి కాడ ఒగటి, చర్చిలో హార్మోనియం వాయించేటాయన కింద ఒగటి. మా ఇంట్లో ఒగటి ఉండె. మా అమ్మకు కాలు వాచి కింద కూర్చోలేదని నేనే అడిగి తెచ్చుకున్నా. ఎవుర్ని అడిగినావు అంటే, ఎలీషానే.

ఆ ఎలీషానే వచ్చి వాకిట్లో నిలబడి, "సిస్టరమ్మా, కుర్చీ రికవరీ" అన్నాడు. మా అమ్మ దాంట్లోనే కూర్చోని మీ అమ్మకు సంగటి తినిపిస్తాండాది. పక్కన మీ తాత చెల్లెలు గూడా ఉండె, పలమనేరు నుంచి ఆ పొద్దే వచ్చింది. సుట్టం ముందర. మా అమ్మ గమ్మున లేసి, కుర్చీ తుడిసి ఇచ్చింది. ఆమె లేసిన తీరు సూసి నాకు వచ్చె సూడు కోపం. అన్నా, "ఒరే ఎలీషా, మీ పెద్ద డాక్టరమ్మ సచ్చేటప్పుడు ఈ కుర్చీలన్నీ నెత్తిన పెట్టుకోని పోతాదేమో అడుగు" అని. అనినాక తెలిసె, ఎలీషా కాడ అన్న మాట మైకులో అన్నట్టే. నోట్లోనుంచి వచ్చినాక ఇంకేం సేస్తావు.

డాక్టరమ్మ ఊర్నుంచి వచ్చి సూసె. కుర్చీలు సినిగినవి సినిగినట్టే ఉండాయి, కాకపోతే ఎక్కువైనాయి. హాలు పట్టక వరండాలో గూడా ఏసినారు. ఏందిది అంటే ఎలీషా సర్క్యులరు అన్నాడు, చిన్నప్ప ఎలీషాకు ఇంగ్లీషు రాదన్నాడు. లోపల కాన్పు మనిషి అరస్తాండాది. "సరే, అన్నిటికీ కొత్త రెగ్జిను వేయించండి" అనేసి ఆమె పాయ. ఆ కాగితం తెప్పించి సూసుంటే అయిపోయేది. సూడలే.

ఇదైన కొన్నాళ్లకే నాకు కవరు వచ్చె.

నా పర్మనెంటు కాగితాలు అంతకు ముందే నింపి ఇచ్చినా. దాంట్లో నేనొగ పిచ్చిపని సేసినా, ఒగ పేజీలో పుట్టింటి పేరుతో సైను పెట్టినా, ఇంకో పేజీలో మీ తాత ఇంటిపేరుతో పెట్టినా. అప్పుడప్పుడు రెండూ రాసేదాన్ని, ఏది అడుగుతారో తెలీక. మిషను బోర్డోళ్లు ఒప్పుకోరని డాక్టరమ్మ ఆ కాగితాలు వెనక్కి పంపిస్తా, ఒగ జాబు పెట్టింది. మళ్ళా సైను పెట్టి శనివారం లోగా తిరిగి ఇయ్యవలెను అని. రీ, గీత, సైన్.

నువ్వు సదువుకున్న బిడ్డవు, నీకు తెలిసిపాయ గదా అప్పుడే? ఆ, అదే. నా కాడికి వచ్చేసరికి గీత లేదు. 'యు ఆర్ రిక్వెస్టెడ్ టు రిజైన్ అండ్ రిటర్న్ ది పేపర్స్ బిఫోర్ సాటర్డే.' కింద డాక్టరమ్మ సంతకం, స్టాంపు. కవర్లో నా పర్మనెంటు కాగితాలు.

వార్డులో డ్రిప్పు ఎక్కిస్తా నిలబడి సదివినా. డ్రిప్పు సరిగ్గానే ఎక్కిచ్చినా. ఏడుపు రాలే. కుర్చీ మాట ఆమె చెవిన పడింది అనుకున్నా, అంతే. ఇన్నేండ్లు పని సేస్తే, ఒగ కుర్చీ మాటకు, మర్యాదగా రిక్వెస్టెడ్ అని రాసి పొమ్మంటాండాది. కాగితాలు గూడా వెనక్కి కొట్టింది. ఇంకేం మిగిలె?

మీ తాతకు సూపించినా. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి సూసి, "రిజైన్ అంటే రిజైనే గదా, ఇంకేముంది దీంట్లో" అన్నాడు. పోయి అడుగుతానని సొక్కా ఏసుకున్నాడు. వద్దన్నా. పొమ్మన్నోళ్ల వాకిట్లో పోయి యాల, ఎందుకు అని నిలబడేది నాకు వద్దన్నా. ఆయన మళ్ళా సొక్కా ఇప్పినాడు. మంచోడు మీ తాత, కానీ సొక్కా ఏసుకోని ఇప్పేటోడు.

నేనే కూర్చోని రాసినా రాజీనామా. అందరూ ఎట్ల రాస్తారో అట్లనే, నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటాండాను అని. మీరు పొమ్మన్నారు గాబట్టి పోతాండాను అని రాసుంటే ఆడనే తేలిపోయేది. రాయలే. ఆమె మర్యాదగా రాసింది, నేనూ మర్యాదగానే రాసినా. పర్మనెంటు కాగితాలు దానికి పిన్ను కొట్టి ఇచ్చేసినా.

ఇంక ఆ పక్క సూడు. డాక్టరమ్మ నన్ను పర్మనెంటు సేయల్లని బోర్డు మీటింగులో కొట్లాడిందంట, నాకు తెలీదు. రొండు సైన్లు పెట్టించుకుంటే సాలనుకోని కూర్చోనుంటే, నా కాడినుంచి రాజీనామా పాయ. కుర్చీ మాట ఎలీషా సెప్పేసినాడు గదా, ఆమెకు ఏమనిపించిందంటే, ఈ రూతమ్మకు కుర్చీ పీక్కున్నామని మనసు ఇరిగింది, బెంగళూరులో యాడో పెద్ద ఆస్పత్రి సూసుకునింది, అని. అప్పుడు నర్సులంతా బెంగళూరుకు పోతాండె కాలం. ఆమె గూడా అడగలే. చింతిస్తూ ఆమోదించడమైనది అని రాసింది. అది గూడా కొట్టింది ఎవురు? చిన్నప్పే. ఆ జాబూ ఆయప్పే కొట్టినాడు, ఈ జాబూ ఆయప్పే కొట్టినాడు. టైపు కొట్టేటోళ్లు అక్షరం సూస్తారు గానీ మాట సూడరు కెజియా. వంద జాబులు కొట్టేటోనికి దాంట్లో ఎవురు ఏడస్తాండారో ఎట్ల తెలుస్తాది.

ఆ నడుమ దినాలు మేము ఇద్దరమూ ఎదురు పడతానే ఉంటిమి. రౌండ్సులో ఆమె ముందర, నేను ఎనక. బీపీ ఎంత అంటే ఇంత. జ్వరం తగ్గిందా అంటే తగ్గింది. అంతకు మించి ఒగ మాట లేదు. అంత మర్యాదగా మేము ఎప్పుడూ పని సేయలే.

సెండాఫ్ పెట్టినారు. పెట్టకుండా ఎట్లా, మిషను ఆస్పత్రి గదా. ఆ హాల్లోనే, సాయంత్రం ఓపీ అయినాక. కుర్చీలకు కొత్త రెగ్జిను ఏసినారు, పచ్చది, బాగా ఉండె. కేకు, మిచ్చరు, అరిటిపండ్లు. నాకొగ గోడ గడియారం. ఒగరెనక ఒగరు లేసి నేను ఎంత మంచిదాన్నో సెప్పినారు. ఎలీషా గూడా సెప్పినాడు, వానికి కళ్ళలో నీళ్ళు. డాక్టరమ్మ రొండే మాటలు. "సిస్టర్ రూతమ్మకు మంచి అవకాశం వచ్చినందుకు సంతోషం. ఆమె లేని లోటు మాకు తెలుస్తుంది." నాకు ఒళ్ళు మండె. యాడ వచ్చె అవకాశం? టమేటా బుట్టలు మోసేదా?

మన సంగాల్లో ఒగ పద్ధతి ఉండాది గదా, పోయేటోళ్లే కడాకు ప్రార్థన సేసి ముగించల్ల. అది అయితేనే కేకు. నన్ను సేయమన్నారు. లేసినా, కళ్ళు మూసుకున్నా. అందరూ మూసుకున్నారు.

నీకు తెలుసు గదా మనోళ్ల ప్రార్థన. మొగం సూసి సెప్పలేని మాటంతా దేవునికి సెప్పినట్టు సెప్తాము. అత్త వింటాండాదని కోడలు, కోడలు వింటాండాదని అత్త. నేను దానికని లేయలే, ఒట్టు. ప్రేమగల తండ్రీ, ఈ సాయంత్రపు వేళ అని బాగానే మొదలుపెట్టినా. నోరు అదే పాయ. "తండ్రీ, ఇన్నేండ్లు నీ దాసురాలు ఈ ఆస్పత్రిలో ఏ తప్పు సేసిందో నీకు తెలుసు. ఒగ కుర్చీ కోసం నోరు జారింటే నువ్వు క్షమించు తండ్రీ. దానికి రిజైన్ చేసి పొమ్మని కాగితం పంపించినోళ్లను గూడా క్షమించు తండ్రీ."

అలవాటు గదా, ఎనకనుంచి ఎవురో ఆమెన్ అన్నారు.

"రూతమ్మా, ఆగు" అని డాక్టరమ్మ గొంతు. ప్రార్థన నడుమ ఆపింది. అట్ల ఆపింది నేను అంతకు ముందూ సూడలే, ఆ తర్వాతా సూడలే. "నేనెప్పుడు నిన్ను రిజైన్ చేయమన్నాను?"

నేను కళ్ళు తెరవలే. ప్రార్థనలో ఉండా గదా. "తండ్రీ, నీకు తెలుసు, శనివారం లోగా రిజైన్ చేసి కాగితాలు ఇయ్యమని కవరు వచ్చింది తండ్రీ" అన్నా.

"అది సంతకం పెట్టమని. రెండు పేజీల్లో రెండు పేర్లు పెట్టావని, మళ్ళీ పెట్టమని."

"తండ్రీ, ఆ కాగితం నా బ్యాగులోనే ఉండాది తండ్రీ" అన్నా.

ఎలీషా బ్యాగు తెచ్చినాడు. అప్పుడు తెరిసినా కళ్ళు. డాక్టరమ్మ అద్దాలు పెట్టుకోని ఆ జాబు సదివింది. తను సంతకం పెట్టిన జాబు, మొదటిసారి సదివింది అన్నమాట. ఆమె మొగం ఎట్లయిందో సెప్పలేను, నేనూ కోపంగానే ఉండా, సరిగ్గా సూడలే. చిన్నప్పను పిలిసి, గీత ఏది అనె. ఆయప్పకు అర్థం కాలే. "అది లైను తెగితే పెట్టేది గదా మేడం. కంప్యూటర్లో లైను తెగదు" అన్నాడు. పాపం, నిజంగానే సెప్పినాడు, వాని మొగంలో రవ్వంత గూడా దొంగతనం లేదు.

డాక్టరమ్మ పెన్ను తీసి, ఆడనే, కేకు పెట్టిన బల్ల మీద ఆ జాబు పెట్టి, రీకీ సైనుకూ నడుమ చిన్న గీత గీసింది. గీసి నా ముందర పెట్టె. ఆ గీత ఎంతుంటాది? బియ్యపు గింజంత గూడా లేదు. పర్మనెంటు కాగితాలు ఆఫీసు నుంచి తెప్పించి, పెన్ను నా చేతికిచ్చి, "ఒక పేరు పెట్టు, ఏదైనా సరే, ఒకటే పెట్టు" అనె. మీ తాత ఇంటిపేరే పెట్టినా. పుట్టింటి పేరు పెట్టుండల్ల అని ఇప్పుడు అనిపిస్తాది, అది వేరే ముచ్చట.

అంతా అయిపాయ, ఎవురూ కేకు కాడికి రారు. ఏందిరా అంటే, పాస్టరయ్య మెల్లగా, "సిస్టర్, ఇంకా ఆమెన్ సెప్పలేదు" అన్నాడు. ఆమెన్ అన్నా. అప్పుడు తిన్నారు.

గడియారం ఉంచుకోమన్నారు. నేను నిజంగా రిటైరైనప్పుడు మళ్ళా ఏమీ ఇయ్యలే, ఒగసారి ఇచ్చినాము గదా అన్నారు. న్యాయమే. చిన్నప్ప ఆ దినం నుంచి గీతలు పెట్టడం మొదలుపెట్టినాడు, చిటికెడు ఉప్పు ఏయమంటే దోసెడు ఏసే బిడ్డ మాదిరి, యాడ పడితే ఆడ. ఎక్స్ గీత రే అంటే సరే. గుడ్ గీత మార్నింగ్, డియర్ గీత మేడం. డాక్టరమ్మ ఏమీ అనలే. కానీ ఆ పొద్దు నుంచి ప్రతి జాబూ సదివే సంతకం పెట్టె.

ఆ సాయంత్రం అందరూ పోయినాక ఆమె నన్ను అడిగె. "నా గది నీ వార్డుకు ఎదురుగానే ఉంది కదా రూతమ్మా. వచ్చి ఎందుకని ఒక్క మాట అడగొచ్చు కదా?" నేను గూడా అన్నా, "మీరడగొచ్చు గదమ్మా" అని. ఆమె కారణం ఆమెకుంటాది. పెద్దోళ్లు, ఇడిసిపోయేటోళ్లను అడిగేది చిన్నతనం అనుకుంటారు.

నా కారణం మాత్రం నాకు ఇంటికి పోయినాకే తెలిసె. ఒగటి సెప్పలే నీకు. ఆ కవరు వచ్చిన దినం మధ్యాన్నం ఇంటికి పోయి మా అమ్మకు సెప్పినా గదా, పని లేదంట, పొమ్మన్నారంట అని. మా అమ్మ యాల అని అడగలే. తిట్టలే, ఏడవలే. వాచిన కాలుతోనే లేసి, గిన్నెలు ఒగదాంట్లో ఒగటి పెట్టి, పాత చీర పరిసి మూట కట్టడం మొదలుపెట్టె. కూలికి పోయిన కాడల్లా అంతే ఆమెకు. రేపట్నుంచి రావద్దంటే, కొడవలి తీసుకోని వచ్చేయడమే. యాల అని అడిగితే పక్క చేన్లో గూడా పని దొరకదు. నేను తెల్ల టోపీ పెట్టుకున్నా, ఇంగ్లీషు సదివినా, ఏం లాభం. ఆ మాట నమ్మేదానికి నాకు ఒగ నిమిషం గూడా పట్టలే. నమ్మినా అంతే. పొమ్మంటారు అని మా ఇంట్లో అందరికీ ముందే తెలిసినట్టు.

సెండాఫ్ అయి ఇంటికి పోయి, పోయేపని లేదమ్మా, అది సైను పెట్టమని అంటే, మా అమ్మ మూట ఇప్పింది. గిన్నెలు మళ్ళా గూట్లో పెట్టుకుంటా, అప్పుడడిగె నన్ను, యాల అని.

ఏడస్తాండావా ఏంది? ఛ, లే. మొగం కడుక్కోపో. మీ మేనేజరుకు రాయల్ల గదా, గీత పెట్టి రాయి. వాడు ఇంకేమన్నా అంటే పోయి ఎదురుగా నిలబడి అడుగు. ఎందుకన్నారు సార్, ఏం తప్పు సేసినాను, అని. మెల్లగా అడుగు, కానీ అడుగు. ఇట్ల రా, నెత్తిన చెయ్యి పెట్టనీ. సల్లగుండు తల్లీ. దేవుడు నీకు జీతం ఇచ్చినాడు, సదువు ఇచ్చినాడు. మా అమ్మకు ఇయ్యంది, నాకు సగమే ఇచ్చింది, ఆ యాల అని అడిగే నోరు, అది నీకు పూర్తిగా ఇయ్యనీ.